పన్నెండడుగుల బురదనీళ్ళు: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ సత్యనారాయణపురంలో మా మేడ మీది గదికి మూడు పెద్ద కాన్వాసులు ఎక్కించిన రోజు నుంచీ ప్రశ్నలే ప్రశ్నలు. కింద వాటావాళ్ళు, పాత స్టూడెంట్లు, పెళ్ళిళ్ళలో కలిసే చుట్టాలు, ఒకసారి గ్యాస్ సిలిండర్ తెచ్చిన కుర్రాడు కూడా. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక తగ్గింది. అందుకని ఒకచోట రాసి పెడుతున్నాను.

అసలేం వేస్తున్నారండీ?

నీళ్ళు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం పొద్దున సింగ్ నగర్‌లోకి వచ్చిన బుడమేరు నీళ్ళు. పైన కురిసిన కుండపోతకి ఏరు పొంగింది, ఏటి నీళ్ళని మళ్ళించే కాలవ, డైవర్షన్ ఛానల్ గట్టుకి గండ్లు పడ్డాయి, కృష్ణలోకి మళ్ళాల్సిన నీళ్ళు ఊరి మీద పడ్డాయి. మా అక్కావాళ్ళది సింగ్ నగర్‌లో కింద వాటా. నాలుగు రోజులు పై వాటావాళ్ళ ఇంట్లో తలదాచుకున్నారు. మనుషులు దక్కారు, సామాను దక్కలేదు.

అంత పెద్దది ఎందుకు? చిన్నదిగా వేసుకోవచ్చుగా?

చిన్నదిగానే మొదలుపెట్టాను. ఒకటిన్నర అడుగుల కాగితం మీద నీటిరంగుల్లో ఆరేడు వేశాను. అన్నీ ముచ్చటగా ఉన్నాయి. అదే తంటా. వరద ముచ్చటగా ఉండకూడదు కదా.

నీళ్ళు తీశాక అక్కావాళ్ళ ఇల్లు కడగడానికి వెళ్ళాను. హాలు గోడ చుట్టూ, ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు, ఒక మట్టిగీత. గోడకున్న క్యాలెండర్‌లో దేవుడి బొమ్మ బాగానే ఉంది, కింద తేదీలన్నీ ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆ గీత పక్కన నిలబడితే నా గుండె దాకా వచ్చింది. బావగారి పనిముట్ల డబ్బాలోంచి టేపు తీసి కొలిచాను. నాలుగడుగుల రెండంగుళాలు. అప్పుడు అది దేనికి పనికొస్తుందో నాకే తెలియదు, ఊరికే చేతి మీద పెన్నుతో రాసుకున్నాను.

తరవాత తెలిసింది. బొమ్మ నేల మీదే నిలబడాలి, గోడకి వేలాడకూడదు. నీటిగీత నేల నుంచి సరిగ్గా 4 అడుగుల 2 అంగుళాల ఎత్తులో ఉండాలి. చూసేవాళ్ళు ఎదురుగా నిలబడితే ఆ నీళ్ళు వాళ్ళ ఒంటి మీద ఎక్కడిదాకా వస్తాయో వాళ్ళకే తెలుస్తుంది. పిల్లలైతే మునిగిపోతారు. ఇది చిన్న కాగితం మీద కుదరదు. అందుకే ఎత్తు 7 అడుగులు, వెడల్పు 12.

మరి మూడు ముక్కలు ఎందుకు చేశారు?

మా మెట్లు చూశారుగా! మలుపు దగ్గర బీరువా ఎక్కించడానికే నలుగురు కావలసి వచ్చింది. ఒక్కోటి 4 అడుగులు బై 7 అడుగులు. దించేటప్పుడు తలుపు కోయక్కర్లేదు.

మొదట్లో ఇది ఇరుకు మెట్ల కోసం చేసుకున్న సర్దుబాటే. అయితే ముక్కలు పక్కపక్కన పెట్టాక ఇంకోటి తట్టింది. అమరావతి స్తూపం శిల్పాల్లో నాలగిరి ఏనుగు కథ చెక్కిన గుండ్రటి రాతి ఫలకం ఒకటుంది, చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో. ఒక పక్క ఏనుగు మదమెక్కి వీధిలో జనాన్ని తొక్కుతుంటుంది, అదే చట్రంలో రెండో పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. మధ్యలో గీత లేదు, గడి లేదు. మన అమరావతి శిల్పులు దాదాపు 1,800 ఏళ్ళ కిందటే రెండు వేళల్ని ఒకే రాతిలో పెట్టేశారు, ఎవరూ తికమక పడలేదు. ఆ ధైర్యంతోనే నేనూ మూడు ముక్కల్లో మూడు వేళలు పెట్టాను: ఆదివారం పొద్దున, కరెంటు లేని రాత్రి, నీళ్ళు తీసే రోజు. వీధి అదే, కరెంటు స్తంభం అదే.

ఆయిల్ పెయింటా, అక్రిలిక్కా?

రెండూ. అక్రిలిక్ త్వరగా ఆరుతుందని సంబరపడతారు గానీ, రోహిణి కార్తెలో మేడ మీది రేకుల గదిలో అది పళ్ళెంలోనే ఆరిపోతుంది. ఆయిల్ ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్ పట్టుకుని గట్టిపడుతుంది. వానాకాలం ముసురులో, కిటికీలు మూసుకున్న గదిలో ఆ పని చాలా నెమ్మది. పైగా ఒక్కో రంగు తీరు ఒక్కోటి. ముదురు గోధుమ రంగు అంబర్‌లో మాంగనీస్ ఉంటుంది కాబట్టి చకచకా ఆరుతుంది, టైటానియం వైట్ బద్ధకం మనిషి.

అందుకని అడుగు పొరలు పల్చటి అక్రిలిక్‌తో, పైవి ఆయిల్‌తో. ఈ వరస తిరగబడకూడదు. అక్రిలిక్ మీద ఆయిల్ నిలుస్తుంది, ఆయిల్ మీద అక్రిలిక్ ఊడిపోతుంది. ఆయిల్‌లో కూడా కింద పొరకి నూనె తక్కువ, పైకి పోయేకొద్దీ ఎక్కువ. లేకపోతే పైది ముందు గట్టిపడి, కిందది తరవాత కదిలి, బీటలు వారుతుంది.

రంగు వేసేముందు కాన్వాస్ మీద పూయమని పాత పుస్తకాల్లో చెప్పే కుందేలు చర్మపు జిగురు మన ఊళ్ళో వద్దు. తేమ తాగి వదులవుతుంది, బూజు పడుతుంది. డబ్బాలో దొరికే తెల్లటి అక్రిలిక్ పూత, జెస్సో, చాలు. మూడు పూతలు, పూతకీ పూతకీ మధ్య ఉప్పుకాగితం.

చట్రాలు ఎక్కడ చేయించారు?

చెప్పను, ఎందుకంటే మొదటిసారి మోసపోయాను. ఎండిన చెక్కే అని నమ్మబలికారు. నెల తిరక్కుండా ఒక చట్రం అప్పడంలా వంకర తిరిగింది. చెక్క పచ్చిది. రెండోసారి మాకు తెలిసిన వడ్రంగి ఒకాయన పాత ఇల్లు పడగొట్టిన చోట తలుపు చట్రాల టేకు కొని, దాన్నే చీల్చి చేశారు. యాభై ఏళ్ళు ఎండిన చెక్క, ఇంక అది వంగేదేముంది.

తిన్నగా కాన్వాస్ మీదే గీసేస్తారా?

లేదండీ. ముందు అగ్గిపెట్టెంత బొమ్మలు, ఒక నోటు పుస్తకం నిండా. వాటిలో మనుషులుండరు, ముదురు ఎక్కడ, లేత ఎక్కడ అన్నది తప్ప. అవి నచ్చాక 12 అంగుళాలు బై 7 అంగుళాల కాగితం మీద ఒకటి సరిగ్గా గీశాను, అంగుళానికి అడుగు లెక్క. దాని మీద 84 గళ్ళు, కాన్వాసుల మీద 84 గళ్ళు. సినిమా కటౌట్లు వేసిన మన బెజవాడ పెయింటర్ల పద్ధతే ఇది, కొత్తేం కాదు.

చిక్కు గళ్ళతో రాలేదు, చేత్తో వచ్చింది. ముప్పై ఏళ్ళుగా నేను మణికట్టుతో వేస్తున్నాను. పెద్ద కాన్వాస్ మీద మణికట్టుతో గీసిన గీత దూరానికి వెంట్రుకలా కనపడుతుంది. భుజంతో గీయడం నేర్చుకోవాలి. గోడకి పాత దినపత్రికలు అంటించి, బూజుకర్ర చివర బొగ్గుకడ్డీ కట్టి, రోజూ పొద్దున అరగంట అడ్డగీతలు. మూడు వారాలకి గీత కాస్త మాట విన్నది. భుజం నొప్పికి మాత్రం ఇప్పటికీ వేణ్ణీళ్ళ కాపడమే.

మొట్టమొదట కాన్వాస్ మీద ఏం వేశారు?

నీటిగీత. కుంచెతో కాదు, తాపీ మేస్త్రీల దారంతో. మూడు కాన్వాసులూ వరసగా పెట్టి, నీలి పొడి అద్దిన దారాన్ని ఈ చివర నేను, ఆ చివర మా బావగారు పట్టుకున్నాం. నాలుగడుగుల రెండంగుళాల దగ్గర బిగించి మధ్యలో లాగి వదిలాను. టప్‌మని శబ్దం, పన్నెండడుగుల నీలిగీత.

బావగారు గీత దగ్గరికొచ్చి నిలబడ్డారు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని చూసుకున్నారు.

"ఇది తప్పమ్మా. ఇంకా పైకి."

"మీ గోడ మీదే కొలిచాను బావగారూ."

"గోడ సంగతి నాకు తెలీదు. నాకు ఇక్కడికి వచ్చింది" అని గడ్డం కింద చెయ్యి పెట్టి చూపించారు.

ఆయన మాటా నిజమే. నేను కొలిచింది హాల్లో. ఆయన నడిచింది వీధిలో, తలుపు దగ్గరి రెండు మెట్లు దిగి. మెట్ల ఎత్తు అడుగు. హాల్లో 4 అడుగుల 2 అంగుళాలైతే వీధిలో 5 అడుగుల 2 అంగుళాలు. దారం మళ్ళీ పొడిలో అద్ది, ఆయన చెప్పిన చోట ఇంకో గీత కొట్టాం. ఇప్పుడు కాన్వాస్ మీద రెండు గీతలున్నాయి. నేను ఇంట్లోంచి చూస్తున్నానా, వీధిలోంచా? ఆ సంగతి ఇప్పటికీ తేలలేదు. ఎడమ ముక్క మీద పై గీత పట్టుకుని వెళుతున్నాను, మధ్యది ఇంకా ముట్టుకోలేదు.

పేపర్లో, టీవీలో బోలెడు ఫోటోలు వచ్చాయి కదా, వాటిని చూసి వేసేయొచ్చుగా?

ఒకసారి అదే పని చేశాను. ప్లాస్టిక్ టబ్బులో బిడ్డని పెట్టి తల మీద మోసుకెళ్ళే మనిషిని వేశాను. తొమ్మిది రోజులు పట్టింది. బాగా వచ్చింది కూడా. వచ్చినవాళ్ళంతా "అచ్చం ఫోటోలాగే ఉంది" అన్నారు. పదో రోజు పొద్దున కత్తితో గీకేశాను, పది నిమిషాల పని. అలాంటి దృశ్యం జనం కళ్ళలో ముందే ఉంది. నా బొమ్మ చూస్తూ వాళ్ళు టీవీని గుర్తు చేసుకుంటున్నారు.

ఇంకోటి కూడా తీసేశాను. ఆ నెల 7న వినాయక చవితి. వీధి చివర అమ్మకానికి పెట్టిన మట్టి వినాయకుళ్ళు చవితికి ముందే నీళ్ళలో కరిగిపోయారని అక్క చెప్పింది. ఎంత గొప్పగా కుదిరిందో అనుకున్నాను. అంత గొప్పగా కుదిరింది కాబట్టే వద్దనుకున్నాను. చూసేవాళ్ళు ఆ ఒక్క చమత్కారం పట్టుకుని, మిగతా పదకొండడుగులూ వదిలేస్తారు.

ఫోటోలు అస్సలు చూడనని కాదు. సింగ్ నగర్ ఫ్లైఓవర్ వంపు, తీగల వరస లాంటివాటికి చూస్తాను. మనుషుల కోసం చూడను.

ఆ నీళ్ళ రంగు ఎలా తెచ్చారు?

దీని గురించి ఎంతసేపైనా మాట్లాడతాను, కుర్చీ లాక్కోండి.

వరద నీళ్ళు ఏ రంగు అంటే అందరూ "మట్టి రంగు" అంటారు. కళ్ళు చికిలించి చూడండి. మీ కాళ్ళ దగ్గర నీళ్ళని పైనుంచి చూస్తారు కాబట్టి లోపలి బురద కనపడుతుంది. వీధి చివరి నీళ్ళని ఏటవాలుగా చూస్తారు కాబట్టి అవి అద్దమైపోయి ఆకాశాన్ని చూపిస్తాయి. ఆ రోజు ఆకాశం బూడిద రంగు. అంటే దూరం పోయేకొద్దీ గోధుమ రంగు చచ్చి, వెండి పూత వస్తుంది. ఇది పట్టుకోకుండా మొత్తం ఒకే రంగు పూస్తే నీళ్ళు కావు, గోడ అవుతుంది. నా మొదటి ప్రయత్నం గోడే అయింది.

నా పళ్ళెంలో ఉన్నవి ఐదే: రా అంబర్, ఎల్లో ఓకర్, అల్ట్రామెరీన్ నీలం, టైటానియం వైట్, రవ్వంత లైట్ రెడ్. నలుపు ట్యూబు గది బయట పెట్టాను. కరెంటు లేని రాత్రి ముక్కకి కూడా నలుపు వాడను, అల్ట్రామెరీన్‌లో అంబర్ కలిపిన చీకటే.

ఆరో రంగు ఒకటుంది. ఇల్లు కడిగిన రోజు అక్కావాళ్ళ ఫ్రిజ్ కింద పడి ఉంది. తలుపు తెరిస్తే కూరగాయల ట్రే నిండా దోసెల పిండిలా నున్నటి ఒండ్రు. పారబోయబోతూ ఆగి, ఒక బూస్ట్ డబ్బాలోకి ఎత్తుకున్నాను. అక్క చూసి ఏమీ అనలేదు. డబ్బా ఏడాది పాటు మా అటక మీద ఉంది.

తీసి రంగు చేశాను. మట్టి నుంచి రంగు తీయడం పెద్ద రహస్యమేం కాదు, ఓపిక పని. నీళ్ళలో కలిపి కాసేపు వదిలితే ఇసుక అడుక్కి దిగుతుంది. పైనున్న బురదనీళ్ళని వేరే గిన్నెలోకి వంచాలి. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ వంచడం. మురుగు కలిసిన మట్టి కాబట్టి నేను ఏడుసార్లు తేర్చాను, చేతికి తొడుగు వేసుకునే. చివరికి మిగిలిన మెత్తటి మట్టిని స్టీలు పళ్ళెంలో ఎండబెట్టి, నూరి, పాత నేత గుడ్డలో జల్లించాను. గాజు పలక మీద పోసి, మధ్యలో గుంట చేసి, అవిసె నూనె చుక్కలు చుక్కలుగా వేస్తూ అడుగు చదునుగా ఉన్న గాజు దిమ్మతో గుండ్రంగా రుద్దడమే. బంకమట్టి కదా, నూనె తాగుతూనే ఉంది. పొడిగా ఉన్నప్పుడు పిడక బూడిద రంగు. నూనె పడగానే ముదురు బెల్లం రంగు.

చూడ్డానికి గొప్పగా ఉన్నా కప్పే గుణం లేదు. కింద ఏముంటే అది కనపడుతుంది. ఆరితే ఎంత నిలుస్తుందో నమ్మకమూ లేదు. అందుకే మొత్తం దాంతో వేయలేదు. నీటిగీత వెంబడి మాత్రం, రెండు వేళ్ళ మందాన, పల్చగా తుడిచాను. అక్క వచ్చినప్పుడు చెప్పాను. దగ్గరికెళ్ళి వాసన చూసింది. నూనె వాసనే. "కాఫీ పెడతా" అని కిందకి దిగిపోయింది.

బ్యారేజీ, దుర్గమ్మ కొండ ఎందుకు లేవు? విజయవాడ అని ఎలా తెలుస్తుంది?

అవి ఉంటే బొమ్మ ఈపాటికి అమ్ముడుపోయేది. పొద్దుటి వెలుగులో ఇంద్రకీలాద్రి, 1957లో కట్టిన ప్రకాశం బ్యారేజీ గేట్ల వరస, కింద కృష్ణమ్మ. నేనూ చాలా వేశాను, అమ్ముకుని తిన్నాను, తప్పేం లేదు. ఆ వరద రోజుల్లోనే బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోయింది, పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర గుద్దుకున్నాయి. దాని సంగతి వేరు. సింగ్ నగర్‌ని ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. బుడమేరుకి కొండ లేదు, గుడి లేదు, ఫోటో దిగే చోటు లేదు. మామూలు రోజుల్లో దాని మీద వంతెన దాటుతున్నామని కూడా చాలామందికి తెలియదు.

బాపు గారిలా, వపా గారిలా కళ్ళకి ఇంపుగా వేయొచ్చు కదా?

ఇది మా పిన్ని ప్రశ్న. పిన్నీ, వాళ్ళలా వేయగలిగితే వేసేదాన్నే. వడ్డాది పాపయ్య గారి చందమామ ముఖచిత్రాలు చూసే నేను రంగులు పట్టుకున్నాను. అయితే ఆ బొమ్మలు ఒళ్ళో పెట్టుకుని చూసేవి. ఇది నిలబడి చూసేది.

మీరు ఆ నీళ్ళలో లేరు కదా. వాళ్ళ కష్టాన్ని మీరెలా వేస్తారు?

ఒక పాత స్టూడెంట్ అడిగింది, కొంచెం గట్టిగానే. నేను రెండు రోజులు నిద్రపోలేదు. మా సత్యనారాయణపురంలో ఆ నాలుగు రోజులూ నేను ఫోన్ పట్టుకుని గదిలో తిరిగాను, అంతే. నా కాలు తడవలేదు.

ఫ్రెంచి చిత్రకారుడు జెరికో 'మెడూసా తెప్ప' వేసింది 1818, 1819 సంవత్సరాల్లో. ఓడ మునిగి తెప్ప మీద కొట్టుకుపోయినవాళ్ళ బొమ్మ, దాదాపు 5 మీటర్ల ఎత్తు, 7 మీటర్ల వెడల్పు. ఆయనా ఆ తెప్ప మీద లేడు. బతికి బయటపడ్డవాళ్ళని కూర్చోబెట్టి అడిగాడు, ఓడ వడ్రంగి చేత తెప్ప నమూనా చేయించుకున్నాడు, నెలల తరబడి స్కెచ్చులు గీశాడు. అక్కడ లేనివాడు చేయాల్సిన పని అంతా చేశాడు. నేను కూడా అక్కని, బావగారిని, పై వాటావాళ్ళని అడిగాను. ఏం చూశారని కాదు. ఏం వినపడిందని, చెప్పులు ఎక్కడ పెట్టారని, రాత్రి నీళ్ళు పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో ఎలా తెలిసిందని. మెట్ల మీద సుద్దముక్కతో గీతలు గీసి టార్చి వేసి చూసేవాళ్ళట. ఆ సుద్ద గీతలు మధ్య ముక్కలో ఉంటాయి.

ఇదంతా ఆ అమ్మాయి ప్రశ్నకి జవాబవుతుందా అంటే, పూర్తిగా కాదు. బొమ్మ అయ్యాక మొదట చూసేది అక్క. వద్దంటే బయటికి పోదు. ఆ మాట అక్కకి చెప్పేశాను.

భయం వేయదా?

వేస్తుంది. దారంతో గీతలు కొట్టాక పందొమ్మిది రోజులు నేను కాన్వాస్ ముట్టుకోలేదు. కుంచెలన్నీ సబ్బుతో కడిగాను. రంగుల ట్యూబులు అక్షర క్రమంలో పెట్టాను. బీరువా సర్దాను. మా ఇల్లు అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు.

భయం దేనికంటే, బొమ్మలో సగానికి పైగా నీళ్ళే. అంటే సగానికి పైగా ఏమీ లేదు. అంత ఖాళీని బతికించే సత్తా నాకుందా? చూసేవాళ్ళు పైనున్న కిటికీలు, మనుషులు చూసి వెళ్ళిపోతే, కింద వేసిందంతా గోడకి సున్నం కొట్టినట్టే కదా. ఇరవయ్యో రోజు కరెంటు పోయింది, గదిలో సగం చీకటి. ఆ వెలుతురులో కాన్వాస్ మీద వివరాలేమీ కనపడలేదు, పై భాగం, కింది భాగం, అంతే. లేచి గుడ్డముక్కకి పల్చటి ఓకర్ అద్ది కింది భాగమంతా తుడిచేశాను. కరెంటు వచ్చేసరికి మొదలైపోయింది. ధైర్యం వచ్చిందని చెప్పను, వివరాలు కనపడలేదు, అందుకని చేయి సాగింది. అప్పట్నుంచీ పొద్దుటి మొదటి గంట కిటికీ తెరలు దించి, కళ్ళజోడు తీసేసి పని చేస్తున్నాను.

ఎవరైనా కొంటారా?

పన్నెండడుగుల బురదని హాల్లో పెట్టుకునేవాళ్ళు నాకైతే తెలియదు. ఖర్చు మాత్రం ట్యూషన్ పిల్లల ఫీజుల్లోంచే.

అందులో నన్ను వేస్తారా?

ఇప్పటికి పదకొండు మంది అడిగారు. పడవలో ఖాళీ లేదు.

ఎప్పటికి అవుతుంది?

ఎడమ ముక్క దీపావళికి అవుతుందన్నాను, అవలేదు. సంక్రాంతికి అన్నాను. ఇక తేదీలు చెప్పడం మానేశాను.

వచ్చి చూడొచ్చా?

రండి. ఆదివారం సాయంత్రం నాలుగు దాటాక, ఎండ తగ్గాక. మెట్ల మలుపు దగ్గర తల చూసుకోండి. ఆయిల్ ఇంకా తడిగానే ఉంటుంది, పిల్లల చేతులు పట్టుకోండి. కుర్చీలు వేయను, నిలబడే చూడాలి. మధ్య ముక్క గోడ వైపు తిప్పి ఉంటుంది, దాన్ని మాత్రం తిప్పకండి.